నోట్లోకి పోతే ఎంత విషం? పోలిక పదార్థాల సమాచారంతో అంచనా వేసే పద్ధతి

పైడిభీమవరం బల్క్ డ్రగ్ యూనిట్లలో ఒక మందు తయారయ్యే లోపు ఐదారు ఇంటర్మీడియట్లు, అంటే మధ్యదశ పదార్థాలు, పుడతాయి. అవి బజారులో దొరికే సరుకులు కావు. ఒక రియాక్టర్‌లో పుట్టి, ఇంకో రియాక్టర్‌లో మాయమవుతాయి. ఈ మధ్యలో కొన్నాళ్లు డ్రమ్ములో పొడిగానో ద్రవంగానో ఉంటాయి. ఆ డ్రమ్ము మూత తీసి, స్కూపుతో ఎత్తి పోసేది మాత్రం మనిషే. దాని సేఫ్టీ డేటా షీట్ (ఆ రసాయనం ప్రమాదాలు, జాగ్రత్తలు రాసిన పత్రం) తెరిచి పదకొండో సెక్షన్ చూడండి. చాలాసార్లు ఒకే మాట కనిపిస్తుంది: "నోటి ద్వారా విషతత్వం: సమాచారం లేదు."

ఆ షీట్లు రాసే ఉద్యోగం నాది. మొదటి రెండేళ్లు నేనూ ఆ మాటే రాశాను. ఒకరోజు చార్జింగ్ హెల్పర్ (రియాక్టర్‌లో సరుకు పోసే మనిషి) ఒకాయన గ్లోవ్స్ విప్పుతూ అడిగాడు: "బాబూ, ఇది నోట్లోకెలిపోతే ఏటవుద్ది?" డేటా లేదన్నాను. "లేదంటే, ఏటీ అవదనా?" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను రాసిన "సమాచారం లేదు" అనే మాటని అతను "ప్రమాదం లేదు" అని చదువుకున్నాడు. తప్పు అతనిది కాదు.

ప్రతి ఇంటర్మీడియట్‌నీ ఎలుకల మీద పరీక్షించడం కుదిరే పని కాదు, చేయాల్సిన పనీ కాదు. దానికి బదులు, అలాంటివే అయిన, ఇప్పటికే పరీక్ష జరిగిన పదార్థాల సమాచారంతో మన పదార్థం ఎంత విషమో అంచనా వేస్తారు. దీన్ని రీడ్ అక్రాస్ అంటారు. ఐరోపాలో రసాయనాల నమోదుకి ఉన్న రీచ్ చట్టం దీన్ని ఒప్పుకుంటుంది, ఓఈసీడీ అనే దేశాల సంఘం దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఒప్పుకుంటారు కదా అని ఎలా చేసినా సరిపోదు. "అలాంటివే" అన్న మాట దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. నేను ఎలా చేస్తానో వరసగా చెబుతాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకి ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ముందుగా, ఆ అంకె దేని గురించి?

నోటి ద్వారా ఇచ్చినప్పుడు పరీక్షలోని జంతువుల్లో సగం చనిపోయే మోతాదుని ఎల్‌డి50 అంటారు. శరీర బరువు కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. అంకె తగ్గేకొద్దీ విషం పెరిగినట్టు. 1927లో ట్రెవాన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఈ లెక్క తెచ్చాడు.

ఎరువులూ పురుగుమందులూ అమ్మే కొట్లో డబ్బాల మీద రంగు త్రికోణం చూసే ఉంటారు. అది ఈ అంకె నుంచి వచ్చిందే. కిలోకి 50 మి.గ్రా. వరకు ఎరుపు, 51 నుంచి 500 దాకా పసుపు, 501 నుంచి 5,000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. మన రైతులకి లెక్క తెలియకపోయినా రంగు తెలుసు. ఫ్యాక్టరీ రసాయనాలకి వాడేది ఐక్యరాజ్యసమితి తెచ్చిన జీహెచ్‌ఎస్ వర్గీకరణ. అందులో హద్దులు వేరు: 5 వరకు మొదటి కేటగిరీ, 50 వరకు రెండు, 300 వరకు మూడు, 2,000 వరకు నాలుగు, 5,000 వరకు ఐదు. మొదటి మూడింటికీ లేబుల్ మీద పుర్రె గుర్తు, నాలుగోదానికి ఆశ్చర్యార్థకం గుర్తు. మన దేశంలో 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో మళ్లీ వేరే హద్దులున్నాయి. అక్కడ 50 నుంచి 200 మధ్య ఉన్నది "టాక్సిక్". కాబట్టి పని మొదలుపెట్టే ముందే, ఏ హద్దుల కోసం అంచనా వేస్తున్నారో కాగితం మీద రాసుకోండి. ఎక్కువ సందర్భాల్లో మనకి కచ్చితమైన అంకె అక్కర్లేదు. పదార్థం ఏ కేటగిరీలో పడుతుందో తెలిస్తే చాలు. ఇది గుర్తుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

మొదటి అంచె: మీ పదార్థం ఏమిటో తేల్చుకోండి

ఇది చాలా చిన్న పని అనిపిస్తుంది. కానీ మొత్తం అంచనా చెడిపోయేది ఇక్కడే. డ్రమ్ము మీద రాసే కోడ్ పేరు సరిపోదు. సీఏఎస్ నంబరు (ప్రతి రసాయనానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య), నిర్మాణం, అణుభారం కావాలి. అది లవణమా, స్వేచ్ఛా ఆమ్లమా, క్షారమా అన్నది తేలాలి. హైడ్రోక్లోరైడ్ రూపానికి ఉన్న అంకెని స్వేచ్ఛా క్షారానికి అలాగే ఎత్తి రాయకూడదు, అణుభారాలు వేరు కాబట్టి లెక్క మారుతుంది. నీటిలో కరిగే గుణం, లాగ్ పి విలువ (నీటి కంటే నూనెలో ఎంత ఎక్కువ కరుగుతుందన్న కొలత), నీటితో కలిస్తే విడిపోతుందా లేదా, ఇవి కూడా రాసుకోండి. ఇవన్నీ మీ ఆర్ అండ్ డీ ఫైళ్లలోనే దొరుకుతాయి. దొరకకపోతే వెళ్లి అడగండి. ఆ విభాగం వాళ్లు విసుక్కున్నా సరే.

స్వచ్ఛత సంగతి విడిగా చూడాలి. 1976లో పాకిస్తాన్‌లో మలేరియా నివారణకి మలాథియాన్ పిచికారీ చేసిన కూలీలు వేల సంఖ్యలో విషప్రభావానికి గురయ్యారు, కొందరు చనిపోయారు. మలాథియాన్ పెద్ద విషం కాదన్నది అప్పటికే తెలిసిన విషయం. నిల్వలో ఏర్పడిన ఐసోమలాథియాన్ అనే మలినం, మలాథియాన్‌ని విరిచేసే శరీర ఎంజైములని అడ్డుకుంది. లేబుల్ మీద పేరు ఒకటే, లోపలి సరుకు వేరు. అందుకే ఒక శాతానికి మించిన ప్రతి మలినం పేరూ నా కాగితంలో ఉంటుంది. నాకు అనుమానం కలిగితే అంతకంటే తక్కువ ఉన్నవీ రాస్తాను.

రెండో అంచె: ఒంట్లోకి పోయాక ఏమవుతుందో గీయండి

నేను ఎక్కువ సమయం పెట్టేది ఈ అంచె మీదే, మిమ్మల్నీ పెట్టమంటాను. కంప్యూటర్ తెరవక ముందే తెల్ల కాగితం తీసుకోండి. మధ్యలో మీ అణువు గీయండి. కడుపులోని ఆమ్లం దాన్ని ఏం చేస్తుంది? పేగుల్లో, రక్తంలో, కాలేయంలో ఉన్న ఎస్టరేజులు (ఎస్టర్లని, అంటే ఆల్కహాల్, ఆమ్లం కలిసి ఏర్పడినవాటిని, విడగొట్టే ఎంజైములు) దాన్ని విడగొడతాయా? విడగొడితే ఏ ముక్కలు వస్తాయి? ఆ ముక్కల్లో ఆల్కహాల్ ఉంటే, ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము దాన్ని ఏ ఆల్డిహైడ్‌గా మారుస్తుంది? చివరికి అది వెనిగర్ లాంటి మామూలు ఆమ్లం అవుతుందా, లేక కణాల్లోని ప్రొటీన్లని పట్టుకునే పదార్థం అవుతుందా?

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ప్రొపైల్ ఆల్కహాల్, అల్లైల్ ఆల్కహాల్. రెండింటిలోనూ మూడే కార్బన్లు, ఒక్కో ఓహెచ్. తేడా అల్లా చివర్న ఒక ద్విబంధం. కాగితం మీద అది ఒక్క గీత. ప్రొపైల్ ఆల్కహాల్ ఒంట్లో ప్రొపియనాల్డిహైడ్‌గా, ఆపైన ప్రొపియోనిక్ ఆమ్లంగా మారి, మామూలు దారిలో ఖర్చయిపోతుంది. ఎలుకల్లో దాని ఎల్‌డి50 వేలల్లో ఉంటుంది. అల్లైల్ ఆల్కహాల్ మాత్రం అదే ఎంజైము చేతిలో ఎక్రోలిన్ అవుతుంది. మాడిన నూనె పొగలో కళ్లు మండించేది ఆ ఎక్రోలినే. అది కాలేయంలో కణాలని కాపాడే గ్లూటాథయోన్‌ని తినేసి, కణాలని చంపేస్తుంది. ఎలుకల్లో అల్లైల్ ఆల్కహాల్ ఎల్‌డి50 64 మి.గ్రా. చుట్టూ ఉంటుంది. ఇది ఊహ కాదనడానికి రుజువుంది. పైరజోల్ అనే పదార్థంతో ఆ ఎంజైముని ఆపేసి, ఎలుకలకి అల్లైల్ ఆల్కహాల్ ఇస్తే కాలేయం దెబ్బతినలేదు. అంటే అసలు విషం మనం ఇచ్చిన పదార్థం కాదు, ఒళ్లు దాన్ని మార్చి తయారు చేసుకున్న ఎక్రోలిన్.

కాబట్టి బొమ్మ ఒకేలా ఉందని రెండు పదార్థాలు పోలికవి కావు. ఒంట్లో రెండూ ఒకే పదార్థంగా మారితే అవి పోలికవి. ఈ ఒక్క విషయం ఒంటబడితే మిగతా అంచెలు తేలిక.

మూడో అంచె: పోలిక పదార్థాలని వెతకండి

ఇప్పుడు కంప్యూటర్ తెరవండి. ఓఈసీడీ వాళ్ల సాఫ్ట్‌వేర్ క్యూఎస్ఏఆర్ టూల్‌బాక్స్ ఉచితంగా దొరుకుతుంది. 2008 నుంచి అందుబాటులో ఉంది, ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు వస్తున్నాయి. మీ నిర్మాణం ఇస్తే అందులోని క్రియాశీల సమూహాలని చూపిస్తుంది, ఒంట్లో ఏమేం పుట్టొచ్చో ఊహిస్తుంది, వాటితో పోలిన పదార్థాలకి ఉన్న డేటా తెచ్చిపెడుతుంది. దాంతోపాటు పబ్‌కెమ్, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వారి కాంప్‌టాక్స్ డాష్‌బోర్డు, ఓఈసీడీ ఈకెమ్‌పోర్టల్, ఐరోపా రసాయనాల ఏజెన్సీ రిజిస్ట్రేషన్ వివరాలు చూడండి. వీటన్నిటికీ కావాల్సింది ఇంటర్నెట్ ఒక్కటే, డబ్బు అక్కర్లేదు. ఎచ్చెర్లలో యూనివర్సిటీలో చదివే పిల్లలకి కూడా అందుబాటులో ఉన్నవే.

సాఫ్ట్‌వేర్ ఒక సారూప్యత శాతం చూపిస్తుంది. ఆ శాతాన్ని బట్టి పైనుంచి ఐదు పదార్థాలు ఎంచుకుని పని అయిపోయిందనుకోకండి. అల్లైల్ ఎస్టర్ ఒకటి ఇచ్చి వెతికితే, బొమ్మలో దగ్గరగా ఉందని ప్రొపైల్ ఎస్టర్ కూడా జాబితాలోకి రావచ్చు. ప్రొపైల్ ఎసిటేట్ ఎల్‌డి50 ఎలుకల్లో కిలోకి 9,000 మి.గ్రా. పైమాటే. ఒక సరఫరాదారు షీటులో సరిగ్గా ఇదే జరగడం నేను చూశాను. అల్లైల్ ఎస్టర్ షీటులో ప్రొపైల్ ఎస్టర్ అంకె ఉంది, పుర్రె గుర్తు ఉండాల్సిన డ్రమ్ము మీద ఏ గుర్తూ లేదు. మేము ఉత్తరం రాశాక సరిచేశారు. అప్పటికి ఆ డ్రమ్ములు ఎన్ని చేతులు మారాయో!

అందుకే జాబితా వచ్చాక, రెండో అంచెలో గీసిన కాగితం పక్కన పెట్టుకుని ఒక్కోదాన్నీ వడకట్టండి. ఒంట్లో అదే ముక్క పుట్టేవి ఉంచండి, పుట్టనివి తీసేయండి. తీసేసినవాటి పేరూ, తీసేసిన కారణం కూడా రాసి పెట్టండి. కావాల్సిన అంకెలు ఉన్నవాటినే ఏరుకున్నారన్న అనుమానం తర్వాత ఎవరికీ రాకూడదు.

నాలుగో అంచె: దొరికిన ప్రతి అంకెనీ నిలదీయండి

డేటాబేసులో కనిపించే ఎల్‌డి50 ఒక అంకె మాత్రమే. దాని వెనక ఉన్న పరీక్ష మంచిదా చెడ్డదా అన్నది అంకె చెప్పదు. 1997లో క్లిమిష్, ఆయన సహచరులు పరీక్షల నమ్మకాన్ని నాలుగు మెట్లుగా విభజించారు: పరిమితులేమీ లేకుండా నమ్మదగినవి, కొన్ని పరిమితులతో నమ్మదగినవి, నమ్మలేనివి, తేల్చలేనివి. నేను ప్రతి అంకె పక్కనా ఆ మెట్టు రాస్తాను. చూడాల్సినవి: ఏ జంతువు, మగవా ఆడవా, గొట్టంతో కడుపులోకి ఇచ్చారా మేతలో కలిపారా, నూనెలో కలిపారా నీటిలోనా, ఎన్నాళ్లు గమనించారు. మామూలుగా 14 రోజులు గమనించాలి. ఒక్క రోజే చూసి వదిలేసిన పాత పరీక్ష అయితే, కాలేయం మెల్లగా చెడిపోయి నాలుగో రోజున చనిపోయేవి లెక్కలోకి రావు.

పాత పరీక్షలు చాలావరకు ఓఈసీడీ 401 పద్ధతిలో చేసినవి. ఆ పద్ధతికి జంతువులు ఎక్కువ కావాలి, 2002లో దాన్ని రద్దు చేశారు. ఇప్పుడున్నవి 420, 423, 425. 423లో ఒక్కో మెట్టుకి మూడు జంతువులే, అదీ కేటగిరీ తేల్చడానికే. కాబట్టి కొత్త రిపోర్టుల్లో "2,000 కంటే ఎక్కువ" అనో "300 నుంచి 2,000 మధ్య" అనో కనిపిస్తే అది లోపం కాదు. దాన్ని అంకెగా మార్చకుండా అలాగే రాసుకోండి. "2,000 కంటే ఎక్కువ"ని 2,000 అని రాసి సగటు తీసేవాళ్లున్నారు. అలా చేయకూడదు.

ఇంకో మాట. ఒకే అంకె ఐదు డేటాబేసుల్లో కనిపిస్తే అవి ఐదు రుజువులు కావు. ఒకే పాత రిపోర్టు ఐదు చోట్లకి పాకి ఉండొచ్చు. మూలం దాకా వెళ్లండి.

ఐదో అంచె: మోల్స్‌లోకి మార్చి పక్కపక్కన పెట్టండి

ఒక లెక్క పూర్తిగా చేసి చూపిస్తాను. మన పదార్థం అల్లైల్ ప్రొపియోనేట్ అనుకుందాం. దాని అణుభారం 114.14. దానికి పరీక్ష రిపోర్టు లేదనే లెక్కతో మొదలుపెడదాం.

రెండో అంచె ప్రకారం, ఎస్టరేజులు దీన్ని అల్లైల్ ఆల్కహాల్, ప్రొపియోనిక్ ఆమ్లం అనే రెండు ముక్కలు చేస్తాయి. ప్రొపియోనిక్ ఆమ్లం ఒళ్లు మామూలుగా ఖర్చు చేసుకునేదే. విషమంతా అల్లైల్ ముక్కలో ఉంది. కాబట్టి పోలిక పదార్థాలు అల్లైల్ ఆల్కహాల్, దాని సరళ శృంఖల (కొమ్మల్లేని గొలుసు) ఎస్టర్లు.

ఎలుకల్లో నోటి ద్వారా వచ్చిన అంకెలు ఇవి. అల్లైల్ ఆల్కహాల్ సుమారు 64, అల్లైల్ ఎసిటేట్ సుమారు 130, అల్లైల్ హెక్సనోయేట్ సుమారు 218. ఇలా చూస్తే రెండోది మొదటిదానికి రెట్టింపు, మూడోది మూడు రెట్లు పైన. పొంతన లేనట్టు కనిపిస్తాయి. ఇప్పుడు ఒక్కోదాన్నీ దాని అణుభారంతో భాగించండి.

64ని 58.08తో భాగిస్తే 1.10. 130ని 100.12తో భాగిస్తే 1.30. 218ని 156.22తో భాగిస్తే 1.40. ఇవి కిలోకి మిల్లీమోల్స్, అంటే బరువు బదులు అణువుల సంఖ్యని చెప్పే కొలత. మూడూ దాదాపు ఒక్కచోటే నిలబడ్డాయి! బరువులో కనిపించిన తేడాలో ఎక్కువ భాగం పక్కన తగిలించిన ఆమ్లం బరువుదే. లోపల విడుదలయ్యే అల్లైల్ అణువుల సంఖ్య మూడింటిలోనూ ఇంచుమించు ఒకటే. ఈ లెక్క మొదటిసారి చేసినప్పుడు కలిగిన సంతోషం నాకింకా గుర్తుంది. కాగితం మీద గీసిన ఊహకి ఎప్పుడో ఎక్కడో వేరువేరుగా జరిగిన పరీక్షలు సాక్ష్యం చెప్పినట్టనిపించింది.

ఇక మన పదార్థానికి వద్దాం. 1.10ని 114.14తో గుణిస్తే 126. 1.40తో గుణిస్తే 160. అంటే అల్లైల్ ప్రొపియోనేట్ ఎల్‌డి50 కిలోకి 126 నుంచి 160 మి.గ్రా. మధ్య ఉండాలి. జీహెచ్‌ఎస్‌లో మూడో కేటగిరీ.

ఇక్కడ ఆగకండి. అంచనా కొంచెం తప్పినా కేటగిరీ నిలబడుతుందా అని చూడండి. రెండో కేటగిరీలోకి జారాలంటే 50 మి.గ్రా.కి, అంటే 0.44 మిల్లీమోల్స్‌కి దిగాలి. మన అన్నిటికంటే తక్కువ విలువలో సగం కూడా లేదది. నాలుగులోకి ఎక్కాలంటే 300 దాటాలి, అంటే 2.63 మిల్లీమోల్స్. మన పెద్ద విలువకి దాదాపు రెట్టింపు. రెండు పక్కలా చోటుంది కాబట్టి మూడో కేటగిరీ అని ధైర్యంగా చెప్పొచ్చు. అంచనా 280 దగ్గరో 55 దగ్గరో వచ్చి ఉంటే నేనింత ధైర్యంగా చెప్పేవాణ్ని కాదు.

ఒక పక్క విషయం. అల్లైల్ హెక్సనోయేట్‌ది అనాసపండు వాసన. సీతంపేట సంతలో అనాసపళ్ల కుప్ప పక్కన నిలబడితే వచ్చే వాసనకి దగ్గరగా ఉంటుంది, మిఠాయి రుచుల్లో చిటికెలో చిటికెంత వాడతారు. కమ్మటి వాసన వస్తోంది కదా అని డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కోకుండా టిఫిన్ బాక్సు తెరిచేవాళ్లుంటారు. వాళ్లకి ఈ అంకె చెప్పి తీరాలి.

ఆరో అంచె: మీ అంచనాని మీరే పడగొట్టడానికి ప్రయత్నించండి

లెక్క బాగా కుదిరితేనే ఇంకాస్త అనుమానంగా చూడాలి. నన్ను నేను అడుక్కునే ప్రశ్నలు ఇవి. మన పదార్థంలో పోలిక పదార్థాల్లో లేని సమూహం ఏదైనా ఉందా? ఆమ్లం వైపు కొమ్మలుంటే ఎస్టరేజులు అంత త్వరగా విడగొట్టలేవు, అప్పుడు విషం విడుదలయ్యే వేగం మారుతుంది. గొలుసు బాగా పొడుగైతే పేగు పీల్చుకునే తీరు మారొచ్చు. మన ప్రొపియోనేట్ అటు ఎసిటేట్‌కీ ఇటు హెక్సనోయేట్‌కీ మధ్యలో ఉంది కాబట్టి ఈ ఇబ్బంది లేదు. రెండు తెలిసినవాటి మధ్య ఉన్నదాన్ని చెప్పడం సులువు. అంచు దాటి బయట ఉన్నదాన్ని చెప్పడం కష్టం.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న: ఎలుక చెప్పిన మాట మనిషికి వర్తిస్తుందా? మిథనాల్ చూడండి. ఎలుకల్లో ఎల్‌డి50 5,600 చుట్టూ ఉంటుంది. ఆ అంకెని బట్టి ఏ కేటగిరీలోనూ పడదు. కానీ మనిషికి కిలోకి ఒక గ్రాము లోపే ప్రాణం తీస్తుంది. కల్తీ సారా తాగి చూపు పోయినవాళ్ల వార్తలు ఎన్ని చదవలేదు? మిథనాల్ నుంచి పుట్టే ఫార్మిక్ ఆమ్లాన్ని ఎలుక కాలేయం చకచకా వదిలించుకుంటుంది, మన కాలేయం అలా చేయలేదు. అందుకే ఐరోపా వర్గీకరణలో మిథనాల్‌ని మనుషుల అనుభవాన్ని బట్టి మూడో కేటగిరీలో పెట్టారు.

గ్లైకాల్స్ కథ ఇంతకంటే బాధాకరం. ఎలుకల్లో ఇథిలీన్ గ్లైకాల్ ఎల్‌డి50 4,700 చుట్టూ, డైఇథిలీన్ గ్లైకాల్‌ది 12,000 పైన. ఈ అంకెలు చూసినవాళ్లెవరూ భయపడరు. కానీ మనిషి ఒంట్లో ఇథిలీన్ గ్లైకాల్ ఆక్సాలిక్ ఆమ్లమై, కిడ్నీల్లో కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుగా పేరుకుంటుంది. డైఇథిలీన్ గ్లైకాల్ నుంచి పుట్టే డైగ్లైకాలిక్ ఆమ్లం కిడ్నీ కణాలనే చంపుతుంది. 1937లో అమెరికాలో డైఇథిలీన్ గ్లైకాల్‌తో తయారైన సల్ఫా మందు తాగి వందమందికి పైగా చనిపోయారు. 2022లో గాంబియాలో దగ్గు సిరప్‌ల కల్తీతో చనిపోయిన వాళ్లలో దాదాపు అందరూ చిన్నపిల్లలే. వీటి పక్కనే నిలబడే ప్రొపిలీన్ గ్లైకాల్ మాత్రం ఒంట్లో లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది, మందుల్లో వాడుకలో ఉన్న ద్రావకం అది. మూడింటి పేర్లలోనూ గ్లైకాల్ ఉంది. పేరుని నమ్మి వీటిని ఒక గుంపులో కలిపితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి మనుషుల అనుభవం ఎక్కడైనా రికార్డయి ఉంటే, ఎలుక అంకె కంటే దానికే పెద్దపీట వేయండి. ఎలుక అంకెని మనిషి బరువు 60 కిలోలతో గుణించి "ఇంత మింగితే మనిషి పోతాడు" అని ఎప్పుడూ చెప్పకండి. ఆ గుణకారానికి ఏ ఆధారమూ లేదు.

ఏడో అంచె: మిశ్రమమైతే

డ్రమ్ములో ఉన్నది ఒకే పదార్థం కాకపోతే జీహెచ్‌ఎస్ సూత్రం వాడతాం. ప్రతి విషపదార్థం శాతాన్నీ దాని అంకెతో భాగించి, వచ్చినవన్నీ కూడి, 100ని ఆ మొత్తంతో భాగించాలి. ఇథైల్ ఎసిటేట్‌లో 20 శాతం అల్లైల్ ప్రొపియోనేట్ ఉందనుకోండి. జాగ్రత్త కోసం తక్కువ అంకె 126 తీసుకుంటాను. 20ని 126తో భాగిస్తే 0.1587, 100ని దానితో భాగిస్తే 630. నాలుగో కేటగిరీ. కేటగిరీ మాత్రమే తెలిసి అంకె తెలియనప్పుడు వాడడానికి విలువలు నిర్ణయించారు: మూడో కేటగిరీకి 100, నాలుగోదానికి 500.

ఈ సూత్రం తెలిసిన దినుసుల మిశ్రమాలకే. పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల నుంచి వచ్చే జీడి పెంకు నూనె లాంటిది వస్తే పని మారిపోతుంది. పచ్చి పెంకు నూనెలో ఎక్కువగా ఉండేది అనకార్డిక్ ఆమ్లం. వేడి తగిలితే అది కార్బన్ డయాక్సైడ్ వదిలేసి కార్డనాల్ అవుతుంది. అంటే పచ్చి నూనె, కాల్చి తీసిన నూనె పేరుకి ఒకటే, సరుకులు రెండు. ఒకదాని రిపోర్టుని రెండోదానికి వాడాలంటే, ముందు రెండింటి దినుసుల జాబితా పక్కపక్కన పెట్టాలి. పైగా పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు నల్లబడి, చర్మం ఊడిపోతుంది. నోటి అంకె ఎంత పెద్దదైనా చర్మం గురించి అది ఒక్క మాటా చెప్పదు. ఆ అంచనా వేరుగా చేయాలి.

ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఒంట్లోకి పోయేవాటి గురించి కూడా ఎల్‌డి50 చెప్పదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అక్కడి జనం నీళ్ల గురించీ పురుగుమందుల గురించీ అడిగినప్పుడు, "దాని ఎల్‌డి50 ఎక్కువేనండీ, భయం లేదు" అని జవాబివ్వడం అన్యాయం. అది వేరే ప్రశ్న, దానికి వేరే పరీక్షలు కావాలి.

ఎనిమిదో అంచె: ఇంకొకరు తిరిగి చేయగలిగేలా రాయండి

రిపోర్టు పొడుగ్గా ఉండక్కర్లేదు, నాలుగైదు పేజీలు చాలు. మన పదార్థం వివరాలు, పోలిక ఎందుకు కుదురుతుందన్న వాదన, తీసుకున్నవీ వదిలేసినవీ కారణాలతో, ఒక్కో అంకె నాణ్యత, లెక్క, ఎక్కడ తప్పొచ్చు, చివరికి కేటగిరీ. ఐరోపా రసాయనాల ఏజెన్సీ ఇలాంటి వాదనలని పరిశీలించడానికి ఆర్ఏఏఎఫ్ అనే చట్రం ప్రచురించింది. వాళ్లు అడిగే ప్రశ్నలు ముందే చదివితే మన లోపాలు మనకే కనిపిస్తాయి.

షీటులో పదకొండో సెక్షన్‌కి నేను రాసే వాక్యం ఇలా ఉంటుంది: "ఈ పదార్థంపై నేరుగా పరీక్ష జరగలేదు. ఒంట్లో అల్లైల్ ఆల్కహాల్‌ని విడుదల చేసే పోలిక ఎస్టర్ల సమాచారం ఆధారంగా నోటి ద్వారా ఎల్‌డి50 కిలోకి 126–160 మి.గ్రా.గా అంచనా. కేటగిరీ 3: మింగితే విషపూరితం." అంచనా అన్న మాట దాచకూడదు. పరీక్షలో తేలినట్టు రాస్తే అది అబద్ధం.

అంచనా తేదీ వేయండి. తయారీ పద్ధతి మారినా, కొత్త మలినం వచ్చినా, పోలిక పదార్థాల మీద కొత్త రిపోర్టు బయటికొచ్చినా ఫైలు మళ్లీ తెరవాలని అందులోనే రాయండి.

తర్వాత ప్రింటు తీసుకుని చార్జింగ్ ఫ్లోర్‌కి వెళ్లండి. నేను బి షిఫ్ట్ మొదలయ్యే ముందు వెళ్తాను, అప్పుడైతే రెండు షిఫ్టులవాళ్లూ ఉంటారు. కేటగిరీల లెక్క చెప్పను. "పురుగుమందు డబ్బా మీద పసుపు త్రికోణం ఉంటుంది చూశారా, ఈ డ్రమ్ము ఆ వరసలోది" అంటాను. అందరికీ ఒక్కసారే అర్థమవుతుంది. గ్లోవ్స్ తీశాక సబ్బుతో కడుక్కోకుండా బీడీ, కిళ్లీ, టిఫిను ముట్టొద్దని చెబుతాను. ఎవరి నోట్లోకైనా పోతే వాంతి చేయించొద్దని, 108కి ఫోన్ చేసి, ఈ షీటు కాపీ అంబులెన్సులో మనిషితో పాటే పంపమని చెబుతాను. కాపీలు ఎక్కడుంటాయో చూపిస్తాను: డ్రమ్ముల రాక్ పక్కన గోడకి తగిలించిన ప్లాస్టిక్ కవర్లో, తెలుగులో.